రేవుల పట్టీ

వంగదేశంలో వయసు మళ్ళినవారు ఇద్దరు మొదటిసారి కలుసుకున్నప్పుడు పేరు తరువాత అడుగుకునే ప్రశ్న ఒకటే: "మీ దేశం ఏది?" దీనికి భారతదేశమని ఎవరూ జవాబు చెప్పరు. ఒకరు బారిసాల్ అంటారు, ఒకరు ఫరీద్‌పూర్ అంటారు. మరొకరు ఏ పటంలోనూ కనిపించని ఒక పల్లె పేరు చెప్పి, అవతలివారు దానిని విని వుంటారేమోనని ఆశగా వారి ముఖంలోకి చూస్తారు. వారి భాషలో దేశమంటే తాతముత్తాతల వూరు. సెలవులకు దేశానికి పోవడం, పండుగకు దేశం నుంచి బెల్లం రావడం, ముసలితనంలో దేశంలో కాళ్ళు చాచుకొని కూర్చోవడం, ఇవన్నీ పాతకాలపు మామూలు మాటలు. 1947 తరువాత ఈ మాటకు ఒక వింత గతి పట్టింది. దేశానికి పోవాలంటే విదేశానికి పోయేవాడి దగ్గర వుండవలసిన కాగితాలన్నీ వుండాలి.

కలకత్తా దక్షిణపు కొసన, కాందిశీకులు కట్టుకున్న ఒక కాలనీలో కాపురమున్న ఒక పెద్దమనిషి పాతికేళ్ళుగా తన దేశానికి సొంత కారులో పోయే ప్రయాణం సిద్ధం చేస్తున్నాడు. ఆ ప్రయాణం ఇంతవరకు జరగలేదు. అయినా దానిని గురించి చెప్పుకోదగిన సంగతులు చాలా వున్నవి. జరిగిపోయిన ప్రయాణాలలో కూడా అన్ని వుండవు కాబోలు.

ఆయన పుట్టినది 1943లో, మేఘనా నది సముద్రంలో కలిసేచోట వున్న భోలా ద్వీపంలో. నేటి బంగ్లాదేశ్‌లో అన్నిటికంటె పెద్ద ద్వీపం అదే. ద్వీపమంటే రాతిమీద నిలిచినదని అనుకోకూడదు. అంతా నది తెచ్చి పోసిన ఒండు. నది తెచ్చినదానిని నదే తిరిగి తీసుకుంటూ వుంటుంది. 1950 ఫిబ్రవరిలో బారిసాల్ జిల్లాలో అల్లర్లు చెలరేగినప్పుడు ఆ కుటుంబం కదిలింది. భోలా నుంచి లాంచీలో బారిసాల్‌కు, అక్కడి నుంచి స్టీమరులో ఖుల్నాకు, ఖుల్నాలో రైలెక్కి సియాల్దాకు వచ్చారు. పాస్‌పోర్టు అనే మాట ఆనాటికి అక్కడ ఎవరూ ఎరుగరు. రెండు బెంగాళ్ళ మధ్య అది 1952 అక్టోబరులో వచ్చింది. ఏడేళ్ళ పిల్లవాడికి ఆ ప్రయాణంలో జ్ఞాపకమున్నది స్టీమరు చక్రం చప్పుడు, ఇంజను గది నుంచి వచ్చే వేడి. పదమూడేళ్ళ అక్కగారికి మాత్రం అంతా జ్ఞాపకమే. ఎవరు ఏ మూట మోశారో, ఏ రేవులో ఎంతసేపు ఆగారో ఆమె ఇప్పటికీ వరుసగా చెప్పగలదు.

తమ్ముడు పెద్దయి ఒక కార్యాలయంలో పటాలు గీసే ఉద్యోగం చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్కగారు భర్త పోయిన తరువాత తమ్ముడి ఇంటనే వున్నది. ఆయన ఆమెను దీదీ అంటాడు. ఆమె ఆయనను ఈనాటికీ ఖోకా అని పిలుస్తుంది. అది వంగదేశంలో చంటిపిల్లవాడిని పిలిచే పిలుపు. నడిమి అన్నగారు మాత్రం వీరితో కలకత్తాకు రాక, వేరే దారిన త్రిపురకు చేరి అగర్తలలో స్థిరపడి, అక్కడే గతించాడు. ఆయన కుటుంబం ఇంకా అక్కడే వున్నది.

1999 జూన్ 19న కలకత్తా నుంచి ఢాకాకు బస్సు వేశారు. ఆ సంగతి పత్రికలో చదివిన సాయంకాలమే ఆయన ఎర్ర అట్ట ఖాతాపుస్తకం ఒకటి కొని తెచ్చాడు. బెంగాలీ వర్తకులు సంవత్సరాదినాడు కొత్తలెక్క మొదలుపెట్టే పుస్తకం అది. దీదీ చూసి, "అంగడి పెడతావా ఖోకా?" అని అడిగింది. "లేదు, దేశానికి పోదాం" అన్నాడు ఆయన. ఆమె మరి మాట్లాడక కూర తరుక్కుంటూ కూర్చున్నది. కాసేపటికి, "బస్సులో నేను రాలేను" అన్నది.

రాలేని మాట నిజమే. అప్పటికే ఆమె మోకాళ్ళు వంగవు. సరిహద్దు దగ్గర బస్సు దిగి, సామాను దించుకొని, ఈవలి కచేరీలో ఒక వరుసలో, ఆవలి కచేరీలో మరొక వరుసలో నిలబడాలి. పైగా బస్సు పోయేది ఢాకాకు. వీరికి కావలసినది భోలా. కారయితే ఆమెను ఇంటి గుమ్మంలో ఎక్కించి, రేవుల దగ్గర కూడా దించకుండా, కారుతో సహా పంటు మీదికి చేర్చవచ్చు. కారులు, లారీలు మోసే ఆ పెద్ద పంట్లు లేకపోతే ఆ జిల్లాలలో రోడ్డు అనేదే అప్పట్లో లేదని చెప్పాలి. పది మైళ్ళు పోతే నది, మరి పది మైళ్ళు పోతే మరొక నది.

ఆయనకు ఒక అంబాసిడర్ కారున్నది. సంవత్సరం వెనుకనే పొదుపు చేసిన డబ్బుతో కొన్నది. వెనుక సీటు వెడల్పు కనుక దీదీ కాళ్ళు చాపుకోవచ్చునన్నది ఆయన వాదన.

పటాలు గీసిన చెయ్యి కదా, మొదట దారి గీశాడు. కలకత్తా నుంచి జెస్సోర్ రోడ్డు వెంట బారాసాత్, హాబ్రా, బన్‌గావ్ మీదుగా పెట్రాపోల్ దాకా సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ గీత. గీత దాటితే బేనాపోల్, 38 కిలోమీటర్లలో జెస్సోర్, తరువాత ఖుల్నా, బాగేర్‌హాట్, పిరోజ్‌పూర్, ఝాలకాఠి, బారిసాల్. ఇంతవరకు మొత్తం దాదాపు 300 కిలోమీటర్లు. బారిసాల్ దాటిన తరువాత నది మీదుగా భోలా. వచ్చిన దారినే తిరిగి రావడం ఆయనకు నచ్చలేదు. భోలా తూర్పుగట్టున మేఘనా దాటితే లక్ష్మీపూర్, అక్కడి నుంచి కొమిల్లా మీదుగా అఖౌరా. అఖౌరా దగ్గర గీత దాటితే అగర్తల పట్టణం అంచునే దిగుతారు. అన్నగారి పిల్లలను చూసి, సిల్చర్, షిల్లాంగ్, గౌహతి, సిలిగురి తిరిగి కలకత్తా చేరాలి. ఈ రెండవ సగం భారతభూమి మీదనే అయినా దాని పొడవు సుమారు 1,600 కిలోమీటర్లు. అగర్తల నుంచి కలకత్తాకు తూర్పు బెంగాలు మీదుగా అడ్డంగా వస్తే 500 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక ఇంటి వంటగది నుంచి వసారాలోకి రావడానికి వూరు చుట్టి రావలసి వస్తే ఎలా వుంటుందో అలా వున్నది ఆ పటం.

దారి గీసిన తరువాత రేవుల పట్టీ వ్రాశాడు. ఖాతాపుస్తకంలో జమ వైపు నది పేరు, రేవు పేరు, పంటు వున్నదీ లేనిదీ. ఖర్చు వైపు పట్టే కాలం, రుసుము, అక్కడ భోజనం దొరికేదీ లేనిదీ. మొదటిది ఖుల్నా దగ్గర రూప్సా. రెండవది ఝాలకాఠి ముందు గాబ్‌ఖాన్ కాలువ. దానికి ముందే పిరోజ్‌పూర్ దాటాక కచా నది మీద బేకుటియా రేవు వున్నదని తరువాత తెలిసి వరుస మార్చాడు. నాలుగవది బారిసాల్ అవతల లాహార్‌హాట్ నుంచి భోలాలోని భేదురియాకు, తెంతులియా నది మీద. అయిదవది మేఘనా. అక్కడ కారును మోసే పంటు వున్నదో లేదో అప్పట్లో తెలియక పక్కన ప్రశ్నార్థకం వేశాడు.

తరువాత ఋతువు. ఈ భాగాన్ని ఆయన వ్రాసినంత శ్రద్ధగా పంచాంగకర్తలు కూడా వ్రాయరేమో. ఏప్రిల్, మే నెలల్లో సాయంకాలం కాలవైశాఖి గాలులు లేస్తాయి. నది మీద వుండరాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వరద. ప్రవాహం బలిసి పంటు రేవుకు ఎదురుగా పోలేదు, ఒడ్డు కోసుకుపోతే రేవే చోటు మారుతుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. డిసెంబరు, జనవరిలో రాత్రి మంచు దట్టంగా కమ్మి పంట్లు నడి నదిలో లంగరు వేసి తెల్లవారేదాకా కూర్చుంటాయి. ఇక మిగిలినది ఫిబ్రవరి, మార్చి సగం. ఏడాదికి ఆరు వారాలు. తన కుటుంబం ఇల్లు వదిలినది కూడా ఫిబ్రవరిలోనేనని ఆయనకు లెక్క ముగిసిన తరువాత గాని తట్టలేదు.

ఆ తరువాత కాగితాలు. పరదేశానికి కారు తీసుకుపోవడానికి కార్నే అనే పుస్తకం కావాలి. కారుకు పాస్‌పోర్టు లాంటిది. కారు తీసుకుపోయినవాడు దానిని అక్కడ అమ్ముకొని సుంకం ఎగవేయకుండా, మోటారు సంఘమొకటి పూచీపడి ఇచ్చే హామీ అది. ఒక్కొక్క పుటకు మూడు భాగాలు. లోపలికి పోయేటప్పుడు ఒక ముక్క చింపుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు ఒక ముక్క చింపుకుంటారు, రెండు ముద్రలూ పడిన మూడవ ముక్క పుస్తకంలో మిగులుతుంది. గడువు ఒక సంవత్సరం. కారు విలువను బట్టి, పోయే దేశాన్ని బట్టి ధరావతు కట్టాలి. పాత కారుకు విలువ తక్కువ కనుక ధరావతూ తక్కువేనని గ్రహించి ఆయన సంతోషించాడు. ఏళ్ళు గడిచినకొద్దీ ప్రయాణం చవక అవుతుందన్నమాట.

మోటారు సంఘం గుమాస్తా మర్యాదస్థుడే. ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు, రంగు, తలుపులెన్ని, అన్నీ వ్రాసుకొన్నాడు.

"ర్యాలీకా, బాబూ?" అని అడిగాడు.

"కాదు."

"ప్రపంచయాత్రా?"

"కాదు. ఇంటికి."

గుమాస్తా కలం ఆపాడు. నమూనాలో ఆ కారణానికి గడి లేదు. కార్నే ఇవ్వడం పెద్ద పని కాదనీ, మామూలు మనుషుల సొంత బండ్లకు ఆ గీత మీద అనుమతి రెండు ప్రభుత్వాలూ ఇవ్వాలనీ, అది దొరికిన తరువాత వస్తే ధరావతు కట్టించుకుంటాననీ చెప్పాడు. అనుమతి అడగడానికి పోతే, ఒక కచేరీలో అది రెండవ కచేరీ పని అన్నారు. రెండవ కచేరీలో దరఖాస్తు తీసుకొన్నారు. జవాబు రాలేదు. నిరాకరించినా ఆయనకు ఒక విధంగా తృప్తిగా వుండేది. పుస్తకంలో వ్రాసుకోవడానికి ఏదో ఒకటి వుండేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇటువంటి పనిలో మనిషి రెండు విధాలుగా చెడిపోతాడు. కొందరు కోపం పెంచుకొని, ప్రతివారినీ పట్టుకొని తమ వ్యాజ్యం వినిపిస్తారు. కొందరు ప్రయాణాన్ని మరచి ప్రణాళికనే పూజిస్తారు. ఈయనకు కోపం రాలేదు. రెండవ జబ్బు మాత్రం కొంత అంటుకున్నదనే చెప్పాలి. నెలకొకసారి ఖాతాపుస్తకం తీసి, మారిన రుసుములను దిద్దుకొని, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేవాడు. అలా దిద్దుకుంటూ వుండగా ఆయనకు ఒక విచిత్రం కనిపించింది. పట్టీలో నదులు ఒక్కటొక్కటే కొట్టివేయబడుతున్నవి.

మొదట గాబ్‌ఖాన్ మీద వంతెన పడింది. 2005లో రూప్సా వంతెన తెరిచారు. ఆయన ఎర్రసిరాతో గీత కొట్టి, "గంటన్నర మిగిలింది దీదీ" అని చెప్పాడు. దీదీ సంతోషించలేదు. "స్టీమరులో వచ్చాం, వంతెన మీద పోతే దారి గుర్తుపడతానా?" అన్నది. 2007లో ఎవరో తెలిసిన అధికారి మాట సాయం చేస్తానంటే ఆయన తన లెక్కను తానే కాదని నవంబరుకు ముహూర్తం పెట్టుకున్నాడు. ఆ అనుమతీ రాలేదు, అది వేరే సంగతి. కాని ఆ నవంబరు 15న సిడర్ తుఫాను బారిసాల్ తీరాన్ని ఊడ్చివేసింది. అది మొదలు ఆయన ఫిబ్రవరిని వదలలేదు. 2008 ఏప్రిల్ 14న కలకత్తా-ఢాకా రైలు మొదలయింది. 2017 నవంబరులో ఖుల్నాకే నేరుగా రైలు వేశారు. బంధువులు ఆయనను ఎగతాళి చేశారు. చక్కగా రైలుంటే కారెందుకని వారి ప్రశ్న. ఖుల్నాలో దిగిన తరువాత దీదీ ఏమి చేయాలో వారెవరూ చెప్పలేదు.

పంట్లు పోయి వంతెనలు వచ్చినంత సులువుగా కాగితాలు మారలేదు గాని, ఒక్కసారి మారినట్టే అనిపించింది. 2015 జూన్ 15న థింపూలో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ మంత్రులు మోటారు వాహనాల ఒడంబడికపై సంతకాలు చేశారు. సరుకు లారీలు, బస్సులతో పాటు సొంత వాహనాలు కూడా ఒక దేశం నుంచి మరొక దేశానికి పోవచ్చునని అందులో వున్నది. ఆ మాటను ఆయన పత్రికలో మూడుసార్లు చదివి, కత్తిరించి, ఖాతాపుస్తకంలో అంటించాడు. కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించాడు. అంబాసిడర్ తయారీ ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మేలోనే ఆగిపోయింది గనుక, దొరికినచోటల్లా విడిభాగాలు కొని మంచం కింద పేర్చాడు. ఆ నవంబరులో నాలుగు దేశాల స్నేహయాత్ర అని కొన్ని కార్లు బయలుదేరి తిరిగి వచ్చాయి. అవి పోగలిగినప్పుడు తనది పోలేదా అనుకున్నాడు. 2016 నవంబరులో భూటాన్ ఎగువసభ ఒడంబడికను త్రోసిపుచ్చింది. చిన్నదేశం, లెక్కలేనన్ని బండ్లు వచ్చిపడితే తట్టుకోలేమన్న వారి భయంలో న్యాయం లేకపోలేదు. మిగిలిన మూడు దేశాలు సాగిద్దామన్నాయి. సమావేశాలు జరిగాయి, ముసాయిదాలు తయారయ్యాయి. ఒక ముసలమ్మ తన తమ్ముడి కారులో పుట్టిన వూరికి పోవడానికి అవసరమైన ఆ ఒక్క వాక్యం మాత్రం ఆచరణలోకి రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం దీదీ మనుమడు కంప్యూటరు తెచ్చి, ఆకాశం నుంచి తీసిన బొమ్మలు చూపించాడు. ముసలాయన ముక్కు మీద అద్దాలు సర్దుకొని తన పాత పటం పక్కన పెట్టుకున్నాడు. అక్షాంశం, రేఖాంశం కొలిచాడు. భోలా తూర్పుగట్టున తమ పల్లె వుండవలసినచోట నీళ్ళున్నవి. రెండోసారి కొలిచాడు. నీళ్ళే. గట్టు దానికి చాలా పడమటగా వెనక్కు పోయి వున్నది. మనుమడు బొమ్మను పెద్దది చేశాడు. నీళ్ళు పెద్దవయ్యాయి, అంతే.

దీదీకి చెప్పవద్దని ఆయన కుర్రవాడికి సైగ చేశాడు. రెండు వారాలు ఖాతాపుస్తకం తీయలేదు. చివరకు దీదీయే అడిగింది, రేవుల పని ఆగిందేమని. ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"అది నాకు తెలియదటరా?" అన్నది దీదీ.

లేచి వెళ్ళి ఇనప్పెట్టె నుంచి ఒక కట్ట తెచ్చింది. ఉత్తరాలు. ఆమెకు చిన్ననాట ఒక నెచ్చెలి వుండేది. పొరుగింటి ముసల్మాను రైతు కూతురు. వంగదేశపు ఆచారం ప్రకారం పూలు మార్చుకొని చెలిమి కట్టుకున్న జంట. కుటుంబం వూరు వదిలిన రాత్రి రేవుదాకా వచ్చి, అటుకుల మూట ఇచ్చినది ఆ పిల్లే. తరువాత ఇరవై సంవత్సరాలు ఏడాదికి రెండు ఉత్తరాలు వచ్చేవి. 1965 యుద్ధకాలంలో కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వచ్చాయి. ఉత్తరాలు వస్తున్నట్టు తమ్ముడికి తెలుసు. ఏమి వ్రాసి వున్నదో ఎన్నడూ అడగలేదు, ఆడవాళ్ళ సంగతులనుకున్నాడు. దీదీ వాటిలో ఒకటి తీసి చదివింది. నది వాకిట్లోకి వచ్చిందనీ, మీ ఇల్లు, మా ఇల్లు రెండూ ఈ వానాకాలం నిలవవనీ, తామంతా ఒక మైలు వెనక్కు జరిగి మళ్ళీ ఇళ్ళు వేసుకొంటున్నామనీ, కొత్తచోటికి కూడా వూరి పాత పేరే పెట్టామనీ అందులో వున్నది. తేదీ 1961. ఇంకొక ఉత్తరంలో మరొకసారి వెనక్కు జరిగారు.

"ఇల్లు మునుగుతుంది ఖోకా, మనుషులు వెనక్కు జరుగుతారు. నువ్వు నేలను వెతుకుతున్నావు. నేను వూరి పేరు అడుగుతూ పోదామనుకుంటున్నాను."

కట్టలో ఆఖరు ఉత్తరం 1970 ఆగస్టుది. ఆ నవంబరు 12 రాత్రి భోలా మీద పడిన తుఫానులో పోయినవారు మూడు నుంచి అయిదు లక్షలని అంచనా. మరుసటి సంవత్సరం యుద్ధం. తరువాత దీదీ వ్రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. తిరిగి కూడా రాలేదు. జవాబు రాకపోవడానికి కారణాలు ఎన్నో వుండవచ్చు. చిరునామాలోని వూరు మరొకసారి వెనక్కు జరిగి వుండవచ్చు. ఆమె నలభైయారేళ్ళుగా ఆ ఒక్క కారణాన్నే పట్టుకొని వున్నది. ఈ సంగతి తెలియకుండానే తమ్ముడు పదిహేడేళ్ళు ఆమె కోసం రేవులు లెక్కపెట్టాడు. తన ఏడేళ్ళ వయసు నాటి చక్రం చప్పుడే ఆమెకూ కావాలనుకున్నాడు.

ఆనాటి నుంచి ఖాతాపుస్తకం తీరు మారింది. రుసుముల పక్కన మనుషులు చేరారు. భేదురియా రేవులో టీ అంగడివారిని అడగవలసిన ప్రశ్నలు, నది కోతకు గురైనవారు ఎక్కడెక్కడ కుదురుకున్నారో తెలుసుకోవలసిన బజార్లు, మసీదు దగ్గర ఎవరితో మాట మొదలుపెట్టాలి, నెచ్చెలి భర్త పేరు, అన్నల పేర్లు. దీదీ చెబుతూ వుంటే ఆయన వ్రాసుకొనేవాడు. ఎవరినైనా సరే, మొదట వూరి పేరు అడగాలి, తరువాతనే మనిషి పేరు అని ఆమె పదే పదే చెప్పింది. తూర్పుగట్టు ఇలీషా నుంచి లక్ష్మీపూర్ వైపు మజూ చౌధురీ రేవుకు లారీలను మోసే పంటు నడుస్తున్నదని ఈలోగా రూఢి అయింది. ప్రశ్నార్థకం కొట్టివేసి, "పంటు కలదు" అని వ్రాశాడు.

2022 జూన్ 25న పద్మా వంతెన తెరిచినప్పుడు రెండు బెంగాళ్ళ పత్రికలూ దాని బొమ్మలతో నిండిపోయాయి. ప్రధాన వంతెన పొడవు ఆరు కిలోమీటర్లకు పైన. నిజంగా గొప్ప పనే. ఈయన దారిలో పద్మ లేదు. ఆయన ఎదురుచూసినది సెప్టెంబరు 4న కచా నది మీద తెరిచిన బేకుటియా వంతెన కోసం. ఎర్రసిరా తీసి మూడవ పేరు కూడా కొట్టేశాడు. కలకత్తా నుంచి బారిసాల్ దాకా ఇప్పుడు ఒక్క రేవు లేదు. పొద్దున్నే బయలుదేరితే చీకటి పడకముందే చేరవచ్చు. పుస్తకం ప్రకారం చూస్తే అంతకంటె సులువైన ప్రయాణం ఆ కాలనీలో ఎవరూ తలపెట్టి వుండరు. మిగిలిన రేవులు రెండే. అవి భోలాకు ఇవతల ఒకటి, అవతల ఒకటి.

ఆయన వయసువారికి డ్రైవింగు లైసెన్సు అయిదేళ్ళకొకసారి వైద్యుడి సర్టిఫికెట్‌తో కొత్త చేయించుకోవాలి. 2023లో ఒక కంటికి శస్త్రచికిత్స జరిగింది. వైద్యుడు పగటిపూట నడపవచ్చునన్నాడు, రాత్రి వద్దన్నాడు. ఆయన పుస్తకంలో ప్రతి మజిలీని పొద్దు గూకకముందే ముగిసేటట్టు తిరగవ్రాశాడు. తరువాత కొన్నాళ్ళకు దీదీ మనుమడికి అంబాసిడర్ గేరు వేయడం నేర్పడం మొదలుపెట్టాడు. స్టీరింగు పక్కన కర్రలాగా వుండే ఆ గేరు ఈ కాలపు కుర్రవాళ్ళకు ఒక పట్టాన చేతికి రాదు. 2024 జూలైలో రెండు దేశాల మధ్య రైళ్ళు ఆగిపోయాయి. ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారింది. వీసాల సంగతి అంతకు ముందుకంటె కష్టమయింది. ఎగతాళి చేసిన బంధువులు ఇప్పుడు రైలు మాట ఎత్తలేదు.

2025 ఫిబ్రవరిలో, ఆరు వారాలు మొదలయిన మొదటి ఆదివారం, దీదీ పొద్దున్నే స్నానం చేసి అంచు లేని తెల్లచీర కట్టుకొని కూర్చున్నది. ఎనభైయెనిమిదేళ్ళ మనిషి. "కాగితాలు అక్కరలేనంత దూరం ఎంత?" అని అడిగింది.

"ఎనభై కిలోమీటర్లు, దీదీ."

"అంత దూరం పోదాం."

మనుమడు నడిపాడు. ముసలాయన ముందు సీటులో ఖాతాపుస్తకం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. జెస్సోర్ రోడ్డు మీద నూరేళ్ళు దాటిన శిరీషవృక్షాలు రెండు వైపులా కొమ్మలు కలుపుకొని వున్నవి. వాటిని కొట్టే విషయమై వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1971లో శరణార్థులు ఈ చెట్ల కిందనే నడిచి వచ్చారు. బన్‌గావ్‌లో ఇచ్ఛామతి నదిని వంతెన మీద దాటుతున్నప్పుడు దీదీ కిటికీ దించమన్నది. పెట్రాపోల్ ముందు సరుకు లారీల బారు మొదలయింది. ఎండుమిరప బస్తాలు, నూలు, మోటారు విడిభాగాలు. పోయేవి పోతున్నవి.

జవాను చెయ్యెత్తినచోట మనుమడు కారు ఆపాడు. జవాను వంగి లోపలికి చూసి, వెనుక సీటులో కాళ్ళు చాపుకొని వున్న ముసలమ్మను చూసి, నమస్కారం చేశాడు. ఎవరిని దింపాలి అని హిందీలో అడిగాడు. ఎవరినీ కాదన్నాడు మనుమడు. అయితే బండి తిప్పుకోమన్నాడు జవాను, మర్యాదగానే.

"ఠాకుమా, దిగి చూస్తావా?" అని మనుమడు వెనక్కు తిరిగి అడిగాడు.

దీదీ అక్కరలేదన్నది. ఎదురుగా గేటు అవతల కనిపిస్తున్న రోడ్డును, ఆ రోడ్డుకు రెండు పక్కలా సాగిపోతున్న అవే చెట్లను కాసేపు చూసింది. తరువాత తమ్ముడి భుజం తట్టి, "ఖోకా, మీటరు ఎంతయింది?" అని అడిగింది.

ఆయన ముందుకు వంగి చూశాడు. "ఎనభైరెండు."

"వ్రాసుకో."

ఆయన మొదటి వరుసలో 80 కొట్టేసి 82 వేశాడు. మనుమడు రివర్సు గేరు పడక రెండుసార్లు పెనుగులాడి, మూడవసారి బండి తిప్పాడు.